సేనాని శేష జీవితం – అడ్మిరల్ ఉషకోవ్



షష్టిపూర్తి దాటి, పదవీ విరమణ చేసి, శేష జీవితాన్ని ఎట్లా సార్థకం చేసుకోవాలా అని ఆలోచించే పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. దశాబ్దాల పాటు బాధ్యతలు మోసిన చేతులకు ఒక్కసారిగా పని లేకుండా పోతే మనస్సు కుంగుతుంది. పదవి పోయినంత మాత్రాన బాధ్యత తీరిపోతుందా? ఈ ప్రశ్నకు తన నడవడితో సమాధానం చెప్పిన ఒక మహనీయుని చరిత్రను మీ ముందుంచుతున్నాము. ఆయన రష్యా దేశపు నౌకా సేనాని ఫ్యోదర్ ఫ్యోదరొవిచ్ ఉషకోవ్.

సముద్రానికి బహుదూరంలో, యారొస్లావ్ల్ ప్రాంతంలోని బుర్నాకొవో గ్రామంలో 1745 ఫిబ్రవరి 24న ఆయన జన్మించారు. తండ్రి సైన్యంలో పనిచేసి విరమించినవాడు. తండ్రి సోదరుడొకరు యౌవనంలోనే సైనికోద్యోగాన్ని త్యజించి, సన్యసించి, సనక్సార్ మఠాన్ని పునరుద్ధరించారు. ఒకే వంశంలో ఒకరు మఠానికి, మరొకరు సముద్రానికి అంకితులయ్యారు. ఆ రెండు దారులు చివరకు ఒకే చోట కలియడం ఈ చరిత్రలోని విశేషం.

1761లో నౌకాదళ విద్యాలయంలో చేరిన ఉషకోవ్ 1766లో పట్టభద్రులై అధికారిగా సేవ ప్రారంభించారు. ఆయన స్వభావమెట్టిదో తొలుత వెల్లడించినది యుద్ధం కాదు, మహమ్మారి. 1783లో నల్లసముద్ర నౌకల నిర్మాణానికై ఖెర్సోన్ నగరానికి వెళ్లినప్పుడు అక్కడ ప్లేగు చెలరేగింది. ఆయన తన మనుషులను ఊరికి దూరంగా తరలించి, చిన్న చిన్న బృందాలుగా విడదీసి, ఒక్కొక్క బృందానికి వేరుగా రెల్లు గుడిసె వేయించారు. ఒక బృందంవారు మరొక బృందంతో కలియకుండా కట్టడి చేశారు. ఎవరికైనా జబ్బు సోకితే వేరొక గుడిసెలో ఉంచి, పాత గుడిసెను సామాన్లతో సహా తగులబెట్టించారు. తక్కిన దళాలకంటె ఎంతో ముందుగా ఆయన దళంలో వ్యాధి అంతరించింది. ఈ సేవకు ప్రభుత్వం ఆయనకు సెయింట్ వ్లాదిమిర్ పతకాన్ని బహూకరించింది.

తరువాత జరిగిన రష్యా–తురుష్క యుద్ధంలో 1788లో ఫిదొనిసి వద్ద, 1790లో కెర్చ్ జలసంధిలోను, తెంద్రా వద్ద, 1791లో కలియాక్రా అగ్రం వద్ద ఆయన వరుసగా విజయాలు సాధించారు. నౌకలను బారులు తీర్చి దూరం నుండి ఫిరంగులు పేల్చుకొనడం ఆనాటి ఆచారం. ఉషకోవ్ ఆ కట్టుబాటును పక్కనబెట్టి శత్రు నాయకుని నౌకపైననే దాడిని కేంద్రీకరించేవారు. నాయకుడు చెదిరితే దళం చెదురుతుందని ఆయన నమ్మకం. కలియాక్రా వద్ద తీరంలోని ఫిరంగులకు, శత్రునౌకలకు మధ్యగా తన నౌకలను నడిపించి ప్రత్యర్థులను దిగ్భ్రాంతులను చేశారు. తురుష్కులు ఆయనను ఉషక్ పాషా అని పిలిచేవారు.

విధి వైచిత్రి చూడండి! కొన్నేళ్లకే రష్యా, తురుష్క రాజ్యాలు మిత్రులైనవి. 1798లో ఆ ఉభయ నౌకాదళాలకు నాయకత్వం వహించి ఉషకోవ్ మధ్యధరా సముద్రానికి వెళ్లారు. ఫ్రెంచివారి అధీనంలోని కోర్ఫు దుర్గాన్ని నాలుగు నెలలు ముట్టడించి 1799 మార్చిలో లొంగదీసుకున్నారు. ఓడిన ఫ్రెంచి సైనికులు తిరిగి కొంతకాలం యుద్ధం చేయబోమని మాట ఇవ్వగా, వారిని స్వదేశానికి పంపించారు. గెలిచిన ద్వీపవాసులకు స్వపరిపాలన ఏర్పడేందుకు తోడ్పడ్డారు. ఆ సంవత్సరమే ఆయన పూర్తి అడ్మిరల్ హోదా పొందారు.

అయితే ఘనవిజయాలతో తిరిగి వచ్చిన సేనానికి తగిన స్థానం లభించలేదు. 1801లో సింహాసనమెక్కిన అలెగ్జాండర్ చక్రవర్తి నౌకాబలానికి అంతగా ప్రాధాన్యమివ్వలేదు. ఉషకోవ్‌కు బాల్టిక్ సముద్రంలో తెడ్ల నౌకల దళం అప్పగించబడింది. 1807లో ఆయన పదవీ విరమణ చేశారు. వివాహం చేసుకొనలేదు గనుక భార్యాబిడ్డలు లేరు. అవమానభారంతో ఏకాంతంలో మగ్గిపోవడానికి ఆయనకు కారణాలెన్నో ఉన్నాయి.

ఆయన మరో దారి ఎంచుకున్నారు. 1810 ప్రాంతంలో తాంబోవ్ మండలంలోని తెమ్నికోవ్ పట్టణానికి సమీపానగల అలెక్సేయెవ్కా గ్రామంలో స్థిరపడ్డారు. పినతండ్రి పునరుద్ధరించిన సనక్సార్ మఠం అక్కడికి చేరువలోనే ఉంది. పండుగ దినాలలో మఠానికి వెళ్లి ప్రార్థనలలో పాల్గొనేవారు. ఉపవాస దీక్షాకాలంలో మఠంలోని గదిలోనే బస చేసి, సన్యాసులతో సమానంగా నియమాలు పాటించేవారు. మఠానికి, ఆ ప్రాంతపు పేదలకు ధారాళంగా దానాలు చేశారు.

1812లో నెపోలియన్ రష్యాపై దండెత్తాడు. తాంబోవ్ ప్రముఖులు తమ పౌరసేనకు ఉషకోవ్‌నే నాయకునిగా ఎన్నుకున్నారు. అప్పుడాయన వయస్సు 67. ఆరోగ్యం సహకరించదని గ్రహించి ఆ గౌరవాన్ని వినయంగా తిరస్కరించారు. శక్తికి మించిన పదవిని పేరు కోసం పట్టుకొని ఉండడం ఆయనకు సమ్మతం కాదు. పదవిని వదిలారే గాని పనిని వదలలేదు. తెమ్నికోవ్ పట్టణపు ప్రధాన అర్చకునితో కలిసి గాయపడిన సైనికుల కొరకు ఆసుపత్రి నెలకొల్పారు. తాంబోవ్ పదాతిదళానికి 2,000 రూబుళ్లు ఇచ్చారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తాను దాచుకున్న 20,000 రూబుళ్లను, దానిపై పేరుకొన్న వడ్డీతో సహా, యుద్ధంలో ఇల్లూ వాకిలీ కోల్పోయినవారికి సమర్పించారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఖెర్సోన్‌లో రెల్లు గుడిసెలు వేయించిన అధికారికి, తెమ్నికోవ్‌లో ఆసుపత్రి నెలకొల్పిన వృద్ధునికి మధ్య దాదాపు మూడు దశాబ్దాల అంతరం ఉంది. మొదటివానికి అధికారమున్నది, రెండవవానికి లేదు. సాటి మనిషి ప్రాణం నిలపాలన్న తపన మాత్రం ఇద్దరిలో ఒక్కటే. సేవాగుణం విరమణతో పాటు వచ్చిపడేది కాదు; ఉద్యోగంలో ఉన్నప్పుడే అలవడితే ముదిమిలో అది అండగా నిలుస్తుంది.

1817 అక్టోబరు 14న ఉషకోవ్ పరమపదించారు. సనక్సార్ మఠంలో, పినతండ్రి సమాధి చెంతనే ఆయన భౌతికకాయాన్ని ఖననం చేశారు. సోవియట్ కాలంలో ఆ మఠం మూతబడినది. అయినా 1944లో ఆ ప్రభుత్వమే ఆయన పేరిట సైనిక పతకాలను నెలకొల్పింది. మఠం 1991లో తిరిగి తెరువబడింది. 2001లో అక్కడనే రష్యా సనాతన క్రైస్తవ సంఘం ఆయనను పుణ్యపురుషునిగా ప్రకటించింది. 2004లో ఆ గౌరవం సంఘమంతటికీ వర్తింపజేయబడింది.

యుద్ధంలో గెలిచినవారిని రాజ్యాలు స్మరిస్తాయి. ఉన్నదంతా పంచి ఇచ్చినవారిని ఊళ్లు స్మరిస్తాయి. ఉభయుల స్మరణకు పాత్రుడైన ఈ సేనాని జీవితం, విశ్రాంత జీవనంలో అడుగిడిన మీకు, అడుగిడబోవు మీకు ఆదర్శప్రాయం కాగలదని ఆశిస్తున్నాము. మీ ఇంటికి, మీ వీధికి, మీ ఊరికి మీరు చేయగల పని ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. అది ఎంత చిన్నదైనా సరే, నేడే చేపట్టండి.