డాక్టర్ జాన్ స్నో - కలరా రహస్యం

స్వచ్ఛంగా కనిపించే నీరంతా స్వచ్ఛమైనది కాదని నేడు మనమందరం ఎరుగుదుము. ఈ సత్యాన్ని ఆధారాలతో లోకానికి చూపిన మహనీయుడు డాక్టర్ జాన్ స్నో.

ఆయన 1813వ సంవత్సరం మార్చి 15న ఇంగ్లండులోని యార్క్ నగరంలో ఒక కూలివాని ఇంట, తొమ్మిదిమంది సంతానంలో జ్యేష్ఠుడుగా జన్మించారు. 14వ ఏట న్యూకాసిల్‌లో ఒక వైద్యుని వద్ద శిష్యరికానికి చేరారు. 1831-32లో కలరా వాతబడిన బొగ్గుగని కార్మికులకు సేవ చేశారు. 1836లో లండను చేరి, మత్తుమందు వైద్యంలో ఖ్యాతి గడించి, 1853లో విక్టోరియా మహారాణి ప్రసవ సమయాన క్లోరోఫారం ఇచ్చారు.

దుర్గంధపు గాలి వల్లనే కలరా వ్యాపిస్తుందని ఆనాటి విద్వాంసులు నమ్మేవారు. అది ప్రేగులకు సోకే వ్యాధి కనుక, రోగి మలంతో కలుషితమైన నీటి ద్వారా వ్యాపిస్తుందని 1849లో ఆయన ప్రకటించారు. అంగీకరించినవారు కొద్దిమందే.

1854 ఆగస్టు 31న లండనులోని సోహో ప్రాంతంలో కలరా విజృంభించి 600 మందికి పైగా బలిగొన్నది. స్నో ఇంటింటికీ తిరిగి, మృతులు ఏ నీరు త్రాగేవారో విచారించారు. అత్యధికులు బ్రాడ్ వీథి చేతిపంపు నీరు త్రాగినవారే. ఆ వీథిలోనే బీరు కర్మాగారంలో పనిచేసేవారు ఆ నీటిని ముట్టనందున సురక్షితంగా ఉన్నారు. దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉంటూ, రుచికై ఆ నీటినే తెప్పించుకొన్న ఒక వితంతువు మరణించింది. స్నో వినతిపై సెప్టెంబరు 8న అధికారులు పంపు పిడిని తొలగించారు. అప్పటికే వ్యాధి తగ్గుముఖం పట్టి ఉండవచ్చునని ఆయనే నిజాయితీతో అంగీకరించారు. మొదట ఆయన వాదాన్ని నమ్మని హెన్రీ వైట్‌హెడ్ అనే క్రైస్తవ మతగురువే, వ్యాధిగ్రస్తమైన శిశువు మైలగుడ్డలు ఉతికిన నీరు ప్రక్కింటి మరుగుగుంట నుండి ఆ బావిలోనికి ఊరిన వైనాన్ని తరువాత కనుగొన్నారు.

ఆ ఏటనే స్నో మరొక లెక్క తీశారు. థేమ్స్ నదిలో మురుగు కలిసేచోట నీరు తోడిన సంస్థ ఖాతాదారులలో, ఏడు వారాలలో, ప్రతి 10,000 ఇండ్లకు 315 మరణాలు. ఎగువన తోడిన సంస్థ ఖాతాదారులలో 37 మాత్రమే.

1858 జూన్ 16న, 45వ ఏట ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన సిద్ధాంతానికి పూర్తి ఆమోదం లభించలేదు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా క్రిమిని గుర్తించి, అక్కడి చెరువు నీటిలోనూ దానిని చూశారు. ఈ క్రిమి చిన్నప్రేగులో విడిచే విషం వలన శరీరంలోని నీరు, లవణాలు విరేచనాలుగా పోయి, చికిత్స అందనిచో రోగి కొన్ని గంటలలోనే మరణించవచ్చును. టైఫాయిడ్, కొన్ని రకాల కామెర్లు కూడా కలుషిత జలం ద్వారా వస్తాయి.

మురుగుకాలువలో మునిగిన పగిలిన కొళాయి గొట్టం నేటికీ బ్రాడ్ వీథి బావి వంటిదే. విద్యార్థులమైన మనం మన పేటలో అటువంటిది కంటబడినపుడు ఊరకుండక, అధికారులకు తెలియజేసి, అది బాగుపడేవరకు నీటిని మరిగించి త్రాగుదము.