ఆఫీసు పని పగలు... మృదంగం గుట్టు రాత్రి!

హోం థియేటర్ ఉన్న ఇంట్లో మీరో సంగతి గమనించే ఉంటారు. సబ్‌వూఫర్ ఒక స్వరానికి గది అదిరేలా గుమ్మంటుంది, పక్క స్వరానికి నీరసపడిపోతుంది. తప్పు చాలావరకు పెట్టెది కాదు, గదిది. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులుంటే సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఉబ్బుతుంది. ఈక్వలైజర్‌లో ఆ ఒక్క చోటును తగ్గిస్తే బాస్ కుదురుతుంది.

మోగే ప్రతిదానికీ ఇలాంటి సొంత మొండితనం ఉంటుంది. కరెంటు లేని రోజుల్లోనే మన వాద్యాల తయారీదారులు దాన్ని లొంగదీశారని లెక్కతో చూపించింది సి.వి. రామన్. నోబెల్ సంగతి పోటీ పరీక్షల కోసం మీరు బట్టీ పట్టే ఉంటారు. ఇది అంతకుముందు మొదలైన కథ.

1888లో తిరుచిరాపల్లిలో పుట్టినా రామన్ చదువు మొదలైంది మన విశాఖపట్నంలోనే. తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. ఇంట్లో సంగీతం, చేతిలో ధ్వనిశాస్త్రం మీద హెల్మ్‌హోల్ట్జ్ పుస్తకం. 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో 1904లో బీఏ, 1907లో ఎంఏ, రెండింట్లోనూ ఆయనే ముందు.

ఇంత చదివితే ఇంగ్లండ్ వెళ్లాలి కదా? ఆ చలికి శరీరం తట్టుకోదని డాక్టర్ తేల్చేశారు. ఇక్కడ పరిశోధన ఉద్యోగాలు లేవు. మీకు తెలిసిన బాధే! అందుకే ఆర్థిక శాఖ పరీక్ష రాశారు. మొదటి ర్యాంకు. 18 ఏళ్లకే కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్.

ఇక సెటిల్ అయినట్టే అనుకునేవారు ఇంట్లోవాళ్లెవరైనా. ఆయన మాత్రం బౌబజార్ వీధిలో పెద్దగా వాడకంలో లేని సైన్స్ అసోసియేషన్ ల్యాబ్ చూసుకున్నారు. పొద్దున ఆఫీసుకు ముందు అక్కడే, సాయంత్రం ఆఫీసు అయ్యాక మళ్లీ అక్కడే. మధ్యలో రంగూన్, నాగపూర్ బదిలీలు. పదేళ్లు ఇదే బతుకు. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ పదవి ఇస్తే, జీతం బాగా తగ్గుతుందని తెలిసీ సర్కారు కొలువు వదిలేశారు. అందరికీ సాధ్యమయ్యే పని కాదది.

వయొలిన్, వీణ తర్వాత ఆయన దృష్టి మృదంగం మీద పడింది. శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరలో డప్పు విన్నారా? దెబ్బ గట్టిగా తగులుతుంది కానీ అది ఏ స్వరమో చెప్పలేం. మామూలు చర్మం ఒకేసారి చాలా రకాలుగా ఊగుతుంది. మొదటి కంపనం 1 అయితే తర్వాతవి 1.59, 2.14... ఇలా ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం కుడి వైపు మాత్రం పాడుతుంది. ఎందుకని?

రామన్ చర్మం మీద సన్నని ఇసుక చల్లి కొట్టి చూశారు. కదలని చోట్ల ఇసుక గీతలు కట్టింది. రహస్యం మధ్యలోని నల్లటి పూతలో ఉంది. రాతిపొడిని అన్నంతో నూరి పొరలు పొరలుగా వేసే ఆ బరువు వల్ల కంపనాలు 1, 2, 3, 4, 5 వరసలోకి వచ్చేస్తాయి. శివకాళి కుమార్‌తో కలిసి ఆ సంగతిని 1920లో 'నేచర్' పత్రికలో ప్రచురించారు. 1930లో నోబెల్ వచ్చాక కూడా వదల్లేదు. బెంగళూరు నుంచి 1934లో ఇదే విషయంపై మరింత వివరంగా రాశారు. 1970లో కన్నుమూశారు.

పూత కంపనాల స్థానాన్నే మారుస్తుంది, ఈక్వలైజర్ బలాన్ని మాత్రమే మారుస్తుంది. రెండూ ఒకటి కాదు. కానీ పద్ధతి ఒకటే. కచేరీకి ముందు మృదంగ విద్వాంసుడు ఎడమ వైపు పిండి ముద్ద అద్ది, కొట్టి విని, చిటికెడు తీసి, మళ్లీ వింటాడు. మీరూ ఒక్కో ఫ్రీక్వెన్సీ మోగించి, కూర్చునే చోటు నుంచే వినండి. ఉబ్బిన చోట తగ్గించండి. పూర్తిగా మాయమైన చోట మాత్రం పెంచకండి. గోడల నుంచి తిరిగొచ్చిన శబ్దం అక్కడ దాన్ని చంపేస్తోంది, ఎంత పెంచినా ఆంప్లిఫయర్‌కి శ్రమే. అప్పుడు పెట్టెను రెండడుగులు జరిపి చూడండి.