బూట్లా, హెల్మెటా?

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున క్లింటన్ అనే పట్టణం ఉంది. సుమారు నూట పదేళ్ల కిందట అక్కడి నల్లజాతీయుల చర్చి పాస్టరు ఇంట్లో ఒక సమస్య వచ్చింది. హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో ఆడే కొడుక్కి బూట్లు, హెల్మెట్ రెండూ కావాలి. తండ్రి దగ్గర ఒకదానికే డబ్బులున్నాయి. కొడుకు బూట్లే అడిగాడు. అతని పాదాలు చాలా పెద్దవి, ఇంకెవరి బూట్లూ పట్టవు. అలా హెల్మెట్ లేకుండానే మైదానంలోకి దిగాడు. ఈ రోజుల్లో ఏ స్కూలూ అందుకు ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

ఆ కుర్రాడి అసలు పేరు ఫ్రెడరిక్ వేమన్ స్లేటర్. 1898 డిసెంబరు 9న ఇలినాయ్ రాష్ట్రంలోని నార్మల్ అనే ఊళ్లో పుట్టాడు. ఇంట్లో పెంచిన కుక్క పేరు డ్యూక్. అదే అతని ముద్దుపేరై చివరిదాకా నిలిచింది.

అసలు తండ్రికి ఈ ఆటే ఇష్టం లేదు. కొడుకు చెప్పకుండా ఆడుతున్నాడని, తల్లి అతని చిరిగిన ఆట దుస్తులు కుడుతుండగా బయటపడింది. తండ్రి వద్దన్నారు. డ్యూక్ అన్నం మానేశాడు. చివరికి ఆయనే తగ్గి, దెబ్బలు తగిలించుకోకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతుల్లో పట్టుకుని, అడ్డొచ్చిన వాళ్లను తప్పించుకుంటూ అవతలి గీత దాటాలి. పరుగెత్తేవాడికి పేరొస్తుంది. అతనికి దారి చేసేది మాత్రం ముందు వరసలో నిలబడే లైన్‌మెన్. సాధారణంగా వాళ్లు బంతి ముట్టుకోరు, వాళ్ల ఖాతాలో పాయింట్లు చేరవు. ఎదుటి జట్టువాళ్లను భుజాలతో నెట్టి సందు తీయడమే వాళ్ల పని. స్లేటర్ ఆ వరసలో టాకిల్ స్థానంలో ఆడేవాడు.

అయోవా విశ్వవిద్యాలయంలో 1918 నుంచి 1921 వరకు ఆడారు. 1921లో ఆ జట్టు ఏడు మ్యాచ్‌లు ఆడి ఏడూ గెలిచింది. వరసగా ఇరవై మ్యాచ్‌లు గెలిచి వచ్చిన నోటర్‌డామ్ జట్టును 10-7తో ఓడించింది కూడా అప్పుడే. ఆ మ్యాచ్‌లో తీసిన ఒక ఫోటో బాగా ప్రసిద్ధి. తలకు హెల్మెట్ లేని స్లేటర్ ఒక్కరే ఎదుటి జట్టులో పలువురిని అడ్డుకుంటుంటే, పక్క నుంచి గోర్డన్ లాక్ బంతితో దూసుకుపోతుంటాడు.

1922లో స్లేటర్ వృత్తి ఆటగాడిగా రాక్ ఐలాండ్ ఇండిపెండెంట్స్ జట్టులో చేరారు. 1926లో షికాగో కార్డినల్స్‌కు మారి, 1931 వరకు అక్కడే ఆడారు. జాతీయ లీగ్‌లో నల్లజాతి లైన్‌మన్‌గా ఆడినవారిలో ఆయనే మొదటివారు. 1924లో మిస్సోరి రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో జరిగిన మ్యాచ్‌కు ఆయన్ను దింపలేదు. నల్లజాతి ఆటగాళ్లను అక్కడ ఆడించకూడదన్నది జట్ల మధ్య మాట. ఆ రోజు రాక్ ఐలాండ్ ఓడింది. అదే జట్టు తర్వాత రాక్ ఐలాండ్‌కు వచ్చినప్పుడు స్లేటర్ ఆడారు, సొంత జట్టు గెలిచింది. 1927 నాటికి లీగ్ మొత్తంలో మిగిలిన నల్లజాతి ఆటగాడు ఆయన ఒక్కరే.

1929 నవంబరు 28న కార్డినల్స్ 40-6తో షికాగో బేర్స్‌ను ఓడించారు. ఆ నలభై పాయింట్లూ ఎర్నీ నెవర్స్ ఒక్కడే చేశాడు. రికార్డు పుస్తకంలో నెవర్స్ పేరే ఉంటుంది. అరవై నిమిషాలూ మైదానంలో నిలబడి అతనికి దారి తీసినవారిలో స్లేటర్ ఉన్నారు.

ఈ ఆటంతా సాగుతుండగానే ఆయన చదువు కూడా సాగింది. సీజన్‌లో ఆట, మిగతా నెలల్లో లా పుస్తకాలు. 1928లో, ఆటగాడిగా మంచి ఊపు మీద ఉండగానే, అయోవా విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా అందుకున్నారు. ఆ ముందుచూపు ఎంత అవసరమో కొన్నేళ్లకే తెలిసింది. 1934 నుంచి 1945 వరకు ఆ లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడికీ చోటు దొరకలేదు. నిషేధమని ఎవరూ కాగితం మీద రాయలేదు, కానీ తలుపు మూతపడింది. స్లేటర్ అప్పటికే షికాగోలో వకీలు. అయినా ఆటను వదలలేదు. చోటు దొరకని నల్లజాతి కుర్రాళ్ల జట్లకు శిక్షకుడిగా పనిచేశారు.

1948లో షికాగో మునిసిపల్ కోర్టు జడ్జిగా ఎన్నికయ్యారు. 1960లో అక్కడి సుపీరియర్ కోర్టుకు వెళ్లిన తొలి నల్లజాతి జడ్జి ఆయనే. 1966 ఆగస్టులో కన్నుమూసేనాటికి కూడా జడ్జిగానే ఉన్నారు.

గౌరవాలు ఒకే వేగంతో రాలేదు. కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1951లో తొలి జాబితా ప్రకటించినప్పుడు అందులో ఉన్న ఏకైక నల్లజాతి ఆటగాడు స్లేటరే. వృత్తి ఆటగాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం ఆయన్ను 2020లో గుర్తించింది, పోయిన యాభై నాలుగేళ్లకు. 2021లో అయోవా విశ్వవిద్యాలయం తన స్టేడియంలోని మైదానానికి ఆయన పేరు పెట్టింది.

ఆటా చదువా అన్న ప్రశ్న మన ఇళ్లలోనూ, స్టాఫ్ రూముల్లోనూ తరచూ వినిపించేదే. స్లేటర్ తండ్రి మొదట వద్దన్నారు, తర్వాత తన దగ్గరున్న కొద్ది డబ్బుతోనే బూట్లు కొనిచ్చారు. కొడుకు ఆ బూట్లతో పరుగెత్తాడు, పుస్తకం కూడా వదలలేదు. లీగ్ తలుపులు మూసుకున్నప్పుడు ఆయన్ను నిలబెట్టింది ఆ చదువే.