ఆకాశానికి వంతెన కట్టిన ఇంజనీరు

డిజైన్ లెక్క ముందర పెట్టుకున్న ఇంజనీరింగ్ విద్యార్థి మొట్టమొదట లైబ్రరీకో, కంప్యూటరు దగ్గరికో పరుగెత్తుతాడు. ఏ లోహం ఎంత బరువు మోస్తుంది, ఏ రెక్క ఎంత గాలికి ఆగుతుంది – పట్టికలన్నీ అక్కడ సిద్ధం. ఆ పట్టికలే లేని రోజుల్లో విమానం కట్టదలచినవాడు ఎవరి గుమ్మం తొక్కాలి? ఆనాడు చాలామంది తొక్కిన గుమ్మం ఆక్టేవ్ షనూట్‌ది.

షనూట్ 1832 ఫిబ్రవరి 18న పారిస్‌లో పుట్టాడు. ఆరేళ్ళప్పుడు తండ్రి వెంట అమెరికా చేరాడు. ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. హడ్సన్ నది రైలుమార్గంలో సర్వే గొలుసు పట్టుకుని పని నేర్చుకున్నాడు. అంతటివాడే 1869లో కాన్సస్ సిటీ దగ్గర మిస్సోరీ నదిపై తొలి వంతెన కట్టి పేరు గడించాడు.

మనిషి ఎగరడమంటే పిచ్చివాళ్ళ పని అని లోకం నవ్వే కాలమది. షనూట్ మాత్రం దేశదేశాల ప్రయోగాలు ఏరి, ఉత్తరాలు రాసి వివరాలు రాబట్టి, 1891 నుంచి ఒక రైల్వే ఇంజనీరింగ్ పత్రికలో వరుసగా ప్రచురించాడు. 1894లో అవే ‘ప్రోగ్రెస్ ఇన్ ఫ్లయింగ్ మెషీన్స్’ అనే గ్రంథమయ్యాయి. ఎవరు ఎగిరారన్నదే కాదు, ఎవరు ఎందుకు పడ్డారో కూడా అందులో ఉంది. అదీ దాని గొప్ప!

1896లో, 64 ఏళ్ళ వయస్సులో, మిచిగాన్ సరస్సు ఇసుక దిబ్బల మీద కుర్రవాళ్ళను వెంటేసుకుని గ్లైడర్లు ఎగరేయించాడు. ఒకదానిపై ఒకటి రెండు రెక్కలు, నడుమ నిలువు కర్రలు, ఐమూలగా బిగించిన తీగలు. కర్ర నొక్కుడును భరిస్తుంది, తీగ లాగుడును భరిస్తుంది. ఇదేమిటనుకున్నారు? వంతెనలకు వాడే ప్రాట్ ట్రస్సే! తేలికగా ఉండి గట్టిగా నిలిచే ఆ కట్టడమే తరువాత ఎన్నో ఏళ్ళు రెండు రెక్కల విమానాలకు వెన్నెముకైంది.

1900 మే నెలలో సైకిల్ షాపు నడిపే విల్బర్ రైట్ అనే యువకుడు ఆయనకు జాబు రాశాడు. షనూట్ తనకు తెలిసినదంతా అరమరికలు లేకుండా చెప్పాడు. పదేళ్ళలో వాళ్ళ మధ్య వందల ఉత్తరాలు నడిచాయి. రైట్ సోదరులు ఆ ట్రస్సునే తీసుకుని, రెక్క మెలితిరగడానికి వీలుగా ముందు వెనకల బిగింపు మాత్రం సడలించారు.

కానీ 1901లో వాళ్ళ గ్లైడరుకు, అప్పటి పట్టికల ప్రకారం లెక్కగట్టిన దానిలో మూడోవంతు లిఫ్టే వచ్చింది. సోదరులు డీలాపడితే, మానవద్దని వెన్నుతట్టినవాడు షనూటే. వాళ్ళు చిన్న గాలి సొరంగం కట్టి, సుమారు రెండువందల రెక్క నమూనాలు పరీక్షించారు. 18వ శతాబ్దం నుంచి అందరూ నమ్మి వాడుతున్న గాలి ఒత్తిడి గుణకమే చాలా ఎక్కువని తేలింది! 1903 డిసెంబరు 17న విమానం ఎగిరింది.

విద్య అందరిదీ అని షనూట్ నమ్మకం. కష్టపడి కనిపెట్టినది మాది అని సోదరుల వాదన. పేటెంటు తగాదాల్లో ఆ స్నేహం బీటలువారింది. ఇద్దరిలో ఎవరిది తప్పని ఈనాటికీ తేల్చి చెప్పలేం. అది పూర్తిగా అతుక్కోకముందే, 1910 నవంబరు 23న షనూట్ కన్నుమూశాడు. విల్బర్ మాత్రం ఆయన ఋణాన్ని మరవకుండా నివాళి రాశాడు.

మిత్రులారా! రావలసిన జవాబు ముందే వేసుకుని వెనక్కి రీడింగులు నింపే మన లాబ్ రికార్డులు ఒకసారి తలచుకుందాం. తప్పిన అంకెను తప్పినట్టే రాసి పెట్టేవాడే రేపటివాళ్ళకు నిజమైన పట్టిక ఇస్తాడు. షనూట్‌కు మనం చేయగల నమస్కారం అదే.