ఓబర్లిన్ అయ్యగారి అడవి బడి



ప్రభువు జనులకు బోధించునప్పుడు పక్షులను, పొలములోని పువ్వులను చూపి మాటలాడెనని మనమందరము ఎరుగుదుము. కాని మా చిన్నతనమున బడిలో కిటికీ వెలుపలి చెట్టువైపు చూచినవానికి బెత్తము దెబ్బలు తప్పెడివి కావు. మేమును తిన్నవారమే. ఈ నెల, పిల్లలను ఆ చెట్టునొద్దకే నడిపించిన ఒక పల్లెటూరి కాపరి చరిత్ర వ్రాయుచున్నాము.

జాన్ ఫ్రెడరిక్ ఓబర్లిన్ 1740 ఆగస్టు 31న స్ట్రాస్‌బర్గు పట్టణములో పుట్టెను. తండ్రి ఉపాధ్యాయుడు. 1767లో ఆయన వోజ్ కొండలలోని వాల్డెర్స్‌బాక్ అను చిన్న ఊరికి కాపరిగా వచ్చెను. ఆ సీమ నేడు ఫ్రాన్సు దేశములోనిది. రాతి నేల, దీర్ఘమైన చలి, చాలీచాలని పంట. బాటలు లేని ఆ ఊళ్లలో ఆయన తానే పలుగు భుజాన వేసికొని బాట వేయ మొదలుపెట్టగా, మొదట నవ్వినవారే వెంట వచ్చిరి. ఆ సంగతి చాలమంది వ్రాసియున్నారు. మాకు ముఖ్యమైనది ఆయన బడి.

ఆయనకు ముందున్న స్టూబర్ అను కాపరి పెద్దపిల్లల చదువును కొంత చక్కబెట్టియుండెను. అయితే తల్లిదండ్రులు పనికి పోయిన తరువాత పసివారి గతి ఏమి? బెల్మాంట్ అను ఊరిలో సారా బాంజే అను యువతి చిన్నపిల్లలను చేరదీసి ఊలు అల్లిక నేర్పుచుండెను. రాబడిలేని పనియని అది ఆమె తండ్రికి గిట్టలేదు. ఓబర్లిన్ ఆ తండ్రిని ఒప్పించి, 1769లో ఆమెను తన పనిలో చేర్చుకొనెను. ఇటువంటి ఇతర స్త్రీలను సిద్ధపరచుటలో ఆయన భార్య మదలెన్ సలోమె తోడ్పడెను. సారా 1774లోనే చనిపోయెను గాని పని ఆగలేదు.

చలికాలమున పిల్లలు గదిలో కూర్చుండి అల్లుచుండగా, ఆ స్త్రీలు బొమ్మలు చూపి జంతువుల పేర్లు, మొక్కల పేర్లు చెప్పెడివారు. మంచు కరగి వసంతము రాగానే పాఠము బయటికి నడచెడిది. గదిలో పేరు విన్న మొక్కను పిల్లలు పొలములలోను అడవిలోను తామే వెదకి గుర్తుపట్టవలెను. ఇంటిలో ఆ ఊరి యాసయే మాటలాడు పిల్లలకు ఫ్రెంచి పేరు ఆ విధముగా నోటికి వచ్చెడిది. కొందరికి చిన్న మడి ఇచ్చి, తమ మొక్కలు తామే పెంచుకొననిచ్చిరి.

మా సండే స్కూలు పిల్లలను ఏటికొకసారి ఏటి ఒడ్డుకు తీసికొనిపోవుదుము. పులిహోర తిని, పాటలు పాడి తిరిగివచ్చెదము. ఏ చెట్టు నీడను తింటిమో ఒక్కరును చెప్పలేరు. ఆపిల్ పండు పేరు ఇంగ్లీషులో చెప్పు బిడ్డ, గట్టుమీది తంగేడును చూపితే తల గోకుకొనును. తప్పు బిడ్డది కాదు, మాది. ఓబర్లిన్ చేసినది విహారము కాదు. గదిలో విన్నది వెలుపల చూచుట, చూచినది మడిలో పెంచుట, ఈ మూడును ఋతువు వెంబడి ఋతువు జరిగెడివి. అందుకు చెల్లించిన డబ్బుకంటె ఓపిక ఎక్కువ పట్టియుండును.

కన్ఫర్మేషను పొందగోరు ప్రతి పిల్లవాడును రెండు చెట్లు నాటినట్లు తల్లిదండ్రుల చీటి తేవలెనని కూడ ఆయన నియమించెను. వాక్యము నేర్చిన నోటితోపాటు మట్టి అంటిన చేతులను కూడ చూడగోరిన కాపరి ఆయన.

1783లో భార్య చనిపోయెను. ఏడుగురు పిల్లలు. అప్పుడు బెల్‌ఫాస్ ఊరి పేదింటి పిల్ల లూయీస్ షెప్లర్ ఆ యింటి భారము నెత్తుకొనెను. ఆమె యౌవనమునుండియు ఈ పసిపిల్లల బడులలో పనిచేయుచున్నది. తరువాత జీతము వద్దని చెప్పి, ఆ యింటి కుమార్తెగా ఉండిపోయెను. ఓబర్లిన్ 1826 జూన్ 1న కన్నుమూసెను. 1829లో ఫ్రెంచి అకాడమీవారు లూయీస్‌కు 5,000 ఫ్రాంకుల బహుమానము ఇచ్చిరి. పసివారిని వెంటబెట్టుకొని ఆ కొండలలో తిరిగిన ఆమె 1837లో మరణించెను.