గుండె ఖర్చు లెక్క తేల్చిన భీమవరం డాక్టరు



మీ అబ్బాయో అమ్మాయో పదో తరగతి చదువుతుంటే, సైన్స్ పుస్తకంలో శ్వాసక్రియ పాఠం ఒకసారి తెరిచి చూడండి. ఏటీపీ అనే మూడు అక్షరాలు కనిపిస్తాయి. మనం తిన్న అన్నం, పీల్చిన గాలి చివరికి ఈ పదార్థంగా మారి కణంలో ఖర్చవుతాయని పిల్లలు గడగడా అప్పజెబుతారు. దాన్ని కండరంలో మొదట కనిపెట్టినవాళ్ళలో ఒకరు మన తెలుగాయనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ సంగతి క్లాసులో అడిగితే మాత్రం లేచే చేతులు తక్కువ.

ఆయన 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, తల్లి వెంకమ్మ గారు. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవలేదు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు వదిలి, కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని డబ్బు సంపాదిద్దామని బయలుదేరితే, వెనక్కి పట్టుకొచ్చారని చెబుతారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి పాసయ్యారు. ఈలోపు తండ్రి పోయారు. వెంకమ్మ గారు నగలు అమ్మి చదివించారంటారు.

ఈ ముక్క చదివి, ఫెయిలైనా ఫరవాలేదు, సుబ్బారావు కూడా ఫెయిలయ్యాడు అని పిల్లలకు చెప్పేయకండి. ఆయన ఫెయిలైన ప్రతిసారీ దాని ఖర్చు ఆ ఇంట్లో ఒక విధవ తల్లి మీద పడింది. పిల్లవాడు సన్యాసం తీసుకుంటానని రామకృష్ణ మఠం చుట్టూ తిరిగితే ఒప్పుకోనిది కూడా ఆ తల్లే. ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు మన ఇళ్ళలో జరిగే గొడవ నాకు తెలుసు. ఆవిడ గొడవ పడలేదని నేను చెప్పలేను. చేయి మాత్రం వదల్లేదు.

తరువాత మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీగారి పిలుపు విని విదేశీ బట్ట మానేసి, ఆపరేషన్ థియేటరుకు కూడా ఖద్దరు వేసుకుని వెళ్ళేవారట. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ గారికి అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ఆ కాగితంతో ప్రభుత్వ వైద్య శాఖలో మంచి ఉద్యోగం దొరకదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకున్నారు. అంతకుముందే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో, అంటే తిన్నది ఒంటబట్టక రక్తం తగ్గి మనిషి శుష్కించిపోయే జబ్బుతో, ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. డాక్టరు చదువు చదివి కూడా ఆయన చేయగలిగింది ఏమీ లేకపోయింది.

1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేస్తే 1920ల మొదట్లో ఓడెక్కి అమెరికా వెళ్ళి, బోస్టన్‌లో హార్వర్డ్ వారి ఉష్ణమండల వైద్య కోర్సులో చేరారు. ఎల్.ఎం.ఎస్.కు అక్కడ విలువ లేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో పోర్టరు పని. అంటే రోగుల దగ్గర పాత్రలు తీసి కడిగే పని. 

కోర్సు అయ్యాక జీవరసాయన శాస్త్రంలో సైరస్ ఫిస్క్ గారి ల్యాబులో చేరారు. అక్కడ మొదటి పని, రక్తంలో మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగు చూసి కొలిచే పద్ధతి. ద్రవం ఎంత నీలంగా మారితే అంత భాస్వరం. 1925లో అచ్చయిన ఆ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిని ప్రపంచమంతా ల్యాబుల్లో వాడారు. నిజానికి అది ఒక కొలపాత్ర మాత్రమే. ఆ కొలపాత్రతో కండరాన్ని కొలిచేసరికి అసలు కథ మొదలైంది.

అప్పటికి కండరానికి బలం లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుందని పెద్దవాళ్ళు నమ్మేవారు. కండరం మీద పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్ గార్లకు 1922 నోబెల్ కూడా వచ్చింది. 1927లో ఫిస్క్, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని చూపించారు. కండరం పని చేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ నిండుతుంది. 1929లో ఏటీపీని విడదీశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ గారు కూడా విడిగా దాన్ని పట్టుకున్నారు. లాక్టిక్ ఆమ్లం కథ అక్కడితో పక్కకు తప్పుకుంది.

ఇంట్లో లెక్కలాగా చెబితే, ఏటీపీ జేబులోని చిల్లర, ఫాస్ఫోక్రియాటిన్ బీరువాలో చేతికందే డబ్బు. గుండె విషయంలో ఈ లెక్క మరీ బిగువు. మూడు వందల గ్రాములు తూగే గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. అందుకు అది ఖర్చు పెట్టే ఏటీపీ ఆరు కిలోల పైమాటే. దాచుకున్నది మాత్రం పది సెకన్లకే సరి. క్షణం క్షణం తయారు చేసుకోవాల్సిందే.

ఖర్చంతా కొట్టుకోవడానికే కాదు. కణంలో ప్రతి ప్రొటీనూ మొదట పొడుగాటి గొలుసులా తయారవుతుంది. అది సరైన మడతలు పడితేనే పనికొస్తుంది. మన ధర్మవరం మగ్గం దిగిన చీర ఎంత మంచి పట్టుదైనా కుచ్చిళ్ళు కుదిరితేనే కదా కట్టుకున్నట్టు! వేడి, ఆక్సిజన్ కొరత, బీపీ భారం లాంటి ఒత్తిడి వచ్చినప్పుడు ఈ మడతలు చెదురుతాయి. చెదిరినవి ఉండలు కట్టి కణాన్ని చంపుతాయి. అలా కాకుండా సర్దడానికి షాపరోన్లు అనే సహాయక ప్రొటీన్లు ఉంటాయి. పెళ్ళికూతురికి చీర సర్దే పెద్దమ్మ లాంటివి అనుకోండి. కణానికి వేడి తగిలితే కొన్ని జన్యువులు ప్రత్యేకంగా మేల్కొంటాయని 1962లో ఇటలీకి చెందిన రిటోస్సా గారు చూశారు. ఈ షాపరోన్లలో చాలావాటి జాడ అక్కణ్ణుంచే దొరికింది. వాటిలో ముఖ్యమైనవి పని చేయాలంటే ఏటీపీ కావాలి. గుండెపోటులో రక్తం అందక ఏటీపీ పడిపోతే, పంపు ఆగడంతో పాటు మరమ్మతు చేసే చేతులూ ఆగిపోతాయి. నిమిషాలు లెక్కపెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తమని డాక్టర్లు చెప్పడానికి ఒక కారణం ఇదే. సుబ్బారావు గారు ప్రొటీన్ల మడతల మీద పని చేయలేదు. ఆ శాస్త్రం ఆయన కాలానికి ఇంకా పుట్టలేదు. ఆ మరమ్మతుకు కూలి ఏ డబ్బుతో ఇస్తారో మాత్రం ఆయన ముందే చూపించి పోయారు.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. పేరు దగ్గర ఆయన పోట్లాడే మనిషి కాదు. ఆ మెతకదనం మంచిదని నేను అనను. అదే ల్యాబులో పని చేసి తరువాత నోబెల్ అందుకున్న హిచింగ్స్ గారు, సుబ్బారావు కనుగొన్న కొన్ని పదార్థాలు ఫిస్క్ అసూయ వల్ల వెలుగు చూడలేదనీ, ఏళ్ళ తరువాత ఇతరులు వాటిని మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందనీ చెప్పారు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే మందుల కంపెనీకి మారారు. తొందరలోనే అక్కడ పరిశోధనకు అధిపతి అయ్యారు. తరువాతి ఎనిమిదేళ్ళలో జరిగింది ఒక మనిషి జన్మకు ఎక్కువే. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. తన సోదరులను చంపిన స్ప్రూ జబ్బుకు అది మందయింది. నేడు గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే ఫోలిక్ యాసిడ్ అదే. బోదకాలుకు ఏటేటా మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందానిదే. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్‌లలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను, వయసు మీరి వేరేచోట రిటైరైన డగ్గర్ గారు ఈయన దగ్గర చేరి కనిపెట్టారు. ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే అమినాప్టెరిన్‌ను తయారు చేసి బోస్టన్‌లో ఫార్బర్ గారికి పంపితే, రక్త క్యాన్సరు ఉన్న 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గింది. ఆ వ్యాసం 1948 జూన్‌లో అచ్చయింది. రచయితల జాబితాలో సుబ్బారావు పేరు లేదు.

అమెరికా వెళ్ళినవాడు తిరిగి రాలేదన్నది ఈ కథలో నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టే భాగం. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. పిల్లల్ని విదేశాలకు పంపాలని ఇప్పటినుంచే లెక్కలు వేసుకునే మనం ఆ రెండో ఇంటి సంగతి కూడా తెలుసుకోవాలి. ఆయన అక్కడే మరో పెళ్ళి చేసుకోలేదు, అమెరికా పౌరుడూ కాలేదు. పనిలోనే ఉండిపోయారు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండెపోటు వచ్చింది. వయసు 53. మూసుకున్న రక్తనాళాన్ని తెరిచే వైద్యం అప్పటికి ఎక్కడా లేదు. మనకు పక్కనే పుట్టపర్తిలో ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రి రావడానికి ఇంకా 43 ఏళ్ళు పట్టింది. ఇక్కడ శేషగిరి గారు భర్తను చూసి అప్పటికి సుమారు పాతికేళ్ళు.