కొండమొక్కకు పేరైన దొరగారు

కార్వేటినగరం కొండల్లో ఎర్రచందనం మీరు చూసే ఉంటారు. దక్షిణాది అడవిచెట్లను బొమ్మలతో సహా గ్రంథస్థం చేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ గారి పేరు విన్నారా?

1830లో ఇంగ్లండులో పుట్టిన ఆయన 1848లో కుంపిణీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చారు. తుపాకి పట్టవలసిన మనిషి ఫెర్నులు, కప్పలు, పాములు వెదకుతూ కొండలెక్కారు! రైలు పట్టాల కింది దుంగలకు అడవులు తరిగిపోతున్న రోజులవి. 1882 వరకు, ఇరవై ఏళ్లకు పైగా, మద్రాసు రాజధాని అడవులు ఆయన పాలనలోనే ఉన్నాయి. 1911లో మరణించారు.

కడప కొండల్లో ఆయన సేకరించిన, చూపుకు చిట్టీతను పోలిన మొక్కకు 1883లో సైకస్ బెడ్డోమై అని పేరు పెట్టారు. తిరుమల కొండల్లోనూ ఉంది. ఇందులో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. మందుకని మగ కంకులన్నీ కోసుకుపోతే ఆడమొక్కకు గింజ ఎలా పడుతుందో మీరే చెప్పండి.